నిజమా అబద్ధమా అని మొదటి రోజే తేల్చకండి

ప్రశ్న: నేను పోలీసు ఉద్యోగంలో చేరి కొద్దికాలమే అయింది. ఈమధ్యే లైంగిక దాడి కేసులు చూసే విభాగంలో వేశారు. పోయిన వారం ఒక అమ్మాయి వచ్చి, తనతో కలిసి పనిచేసే అతను అత్యాచారం చేశాడని ఫిర్యాదు ఇచ్చింది. జరిగిన నాలుగో రోజున వచ్చింది. ఒంటి మీద దెబ్బలు లేవు. అరవలేదని చెప్పింది. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది రెండుసార్లు రెండు రకాలుగా చెప్పింది. మాట్లాడుతూ మధ్యలో నవ్వింది కూడా. మర్నాడు పొద్దున అతనికి 'ఇంటికి చేరావా' అని మెసేజ్ పెట్టింది. మా సీనియర్ ఫైలు చూసి, 'ఇది కోర్టులో నిలబడదు. ఇన్నేళ్ల సర్వీసు తర్వాత నాకు మొహం చూస్తే తెలిసిపోతుంది. దీని మీద టైమ్ పెట్టకు' అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానంగానే ఉంది. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇలాంటి కేసుల్లో అసలు నిర్ణయం ఎలా తీసుకోవాలి మేడమ్?
– పేరు వద్దు

సమాధానం: మీకు అనుమానం వచ్చినందుకు మిమ్మల్ని తప్పుపట్టనమ్మా. అనుమానించడం మీ ఉద్యోగంలో భాగమే. కాకపోతే ఆ అనుమానం ఎవరి వైపు తిరిగి ఉందో ఒకసారి చూసుకోండి. మీ ఉత్తరంలో ఆ అమ్మాయి గురించి ఆరు విషయాలు రాశారు. ఎప్పుడొచ్చింది, దెబ్బలున్నాయా, అరిచిందా, ఎలా చెప్పింది, ఎందుకు నవ్వింది, ఏం మెసేజ్ పెట్టింది. అతని గురించి ఒకే ఒక్క ముక్క ఉంది, ఆమెతో కలిసి పనిచేస్తాడని. ఆ రోజు అతను ఏం చేశాడు, ఆమె ఒంటరిగా ఉండే పరిస్థితి ఎలా వచ్చింది, అతని గురించి ఇంతకుముందు ఎవరైనా ఏమైనా చెప్పారా, ఇవేవీ లేవు. బహుశా ఫైల్లో కూడా ఉండవు.

నేను లాయర్‌ని. ఇలాంటి ఫైళ్లు దర్యాప్తు అయిపోయాక నా చేతికొస్తాయి. వరసగా చదువుకుంటూ పోతే, దర్యాప్తు అధికారి ఏ రోజున మనసులో ఒక మాట ఖాయం చేసుకున్నారో ఇట్టే తెలిసిపోతుంది. అప్పటిదాకా పనులు చకచకా సాగుతాయి. ఆ తర్వాత రాతలు పొట్టిబడతాయి. ఫోన్ ల్యాబ్‌కి వెళ్లదు. ఆమె మొట్టమొదట ఎవరికి చెప్పుకుందో ఆ మనిషిని ఎవరూ పిలవరు. సీసీ కెమెరా ఫుటేజీ అడిగేసరికి చెరిగిపోయి ఉంటుంది. ఆఖరి పేజీలో 'తగిన సాక్ష్యం లభించలేదు' అని ఉంటుంది. సాక్ష్యం లేక కేసు పోయిందని అందరూ అనుకుంటారు. కేసు పోతుందని ముందే అనుకున్నారు కాబట్టి సాక్ష్యం సేకరించలేదన్న సంగతి ఆ పేజీలో ఉండదు. మీ ప్రశ్నకు నా జవాబు మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది. ఆమె చెప్పేది నిజమా కాదా అని మొదటి వారంలో మీరు తేల్చనక్కరలేదు. ఈ వారం ఏం వెతకాలి అన్నదే తేల్చండి.

మీ సీనియర్ మాటలో మూడు వేర్వేరు నిర్ణయాలు కలిసిపోయి ఉన్నాయి. ఆమె నిజం చెబుతోందా అన్నది ఒకటి. కోర్టులో గెలుస్తామా అన్నది రెండోది. మన టైమ్ దీని మీద పెట్టాలా అన్నది మూడోది. మూడోదానికి జవాబు ముందే అనుకుని, దానికి తగ్గట్టు మొదటి రెండింటికీ జవాబు చెప్పుకోవడం చాలా స్టేషన్లలో జరుగుతుంది. కావాలని చేస్తారని నేననను. టేబుల్ మీద ముప్పై ఫైళ్లు పేరుకుని ఉన్నప్పుడు ఏ మనిషైనా తేలిగ్గా తెగే ఫైలే ముందు తీస్తాడు.

'కోర్టులో నిలబడదు' అన్న మాట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ప్రాసిక్యూటర్ ఏమంటారో పోలీసు ఊహిస్తారు. జడ్జి ఏమంటారో ప్రాసిక్యూటర్ ఊహిస్తారు. ఇలా ఒకరి ఊహ మీద ఒకరి ఊహ ఆధారపడి, కేసు కోర్టు మెట్లు ఎక్కకముందే ఆగిపోతుంది. 2012లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ పోలీసు ఫైళ్ల మీద కాసియా స్పాన్, కేథరిన్ టెల్లిస్ అనే పరిశోధకులు పెద్ద అధ్యయనం చేశారు. నిందితుడు ఎవరో తెలుసు, ఎక్కడుంటాడో తెలుసు, అయినా అరెస్టు చేయకుండా ముందే ప్రాసిక్యూటర్‌ని అడగడం, ఆయన కుదరదనగానే కేసు పరిష్కారమైనట్టు లెక్కలో రాసుకోవడం అక్కడ మామూలైపోయిందని వాళ్లు చూపించారు. కాగితం మీద కేసు తేలిపోయింది. ఆ మనిషిని మాత్రం ఎవరూ ఏమీ చేయలేదు.

ఇక మొహం చూసి చెప్పడం. మీ సీనియర్ అనుభవాన్ని నేను తీసిపారేయడం లేదు. కానీ అబద్ధాన్ని పట్టుకోవడం మీద జరిగిన వందల ప్రయోగాలను బాండ్, డీపాలో అనే ఇద్దరు 2006లో ఒకచోట చేర్చి లెక్క చూస్తే, మనుషులు సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతం. గుడ్డిగా చెప్పినా 50 వస్తుంది. పోలీసుల్లాంటి వృత్తి నిపుణులు కూడా మామూలు మనుషుల కంటే మెరుగ్గా ఏం లేరు. దీనికి కారణం కష్టమైందేం కాదు. మీ సీనియర్ అబద్ధమని పక్కనపెట్టిన ఫిర్యాదుల్లో నిజమైనవి ఎన్నో ఆయనకు ఎవరూ వచ్చి చెప్పరు. ఆ ఆడవాళ్లు మళ్లీ స్టేషన్ గడప తొక్కరు. తప్పు చేశామని తెలిసే దారే లేనప్పుడు సర్వీసు పెరిగేకొద్దీ ధీమా పెరుగుతుంది గానీ నేర్పు పెరగదు.

తప్పుడు ఫిర్యాదులు అసలు రావా అంటే వస్తాయి. బ్రిటన్ హోం శాఖ కోసం 2005లో లిజ్ కెల్లీ బృందం రెండువేల ఆరువందలకు పైగా కేసులు పరిశీలిస్తే, పోలీసులు అబద్ధమని ముద్ర వేసినవి సుమారు 8 శాతం తేలాయి. పోలీసు శాఖ సొంత నిబంధనలను గట్టిగా వర్తింపజేసి చూస్తే అది 3 శాతానికి దిగింది. ఆ మధ్యలో ఉన్నవాటిలో కారణాలు మీరు ఊహించగలరు: మానసిక సమస్య ఉంది, మాట మార్చింది, తాగి ఉంది, ఇలాంటివి. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి పదేళ్లలో వచ్చిన 136 ఫిర్యాదులను డేవిడ్ లిసాక్, ఆయన సహచరులు పరిశీలించి 2010లో ప్రచురించారు. అబద్ధమని తేలినవి 8. అంటే అబద్ధపు ఫిర్యాదు మీ టేబుల్ మీదకు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కానీ ప్రతి ఫిర్యాదునూ ఆ కళ్లజోడుతో చూడాల్సినన్ని రావు.

ఇప్పుడు మీ ఉత్తరంలోని ఆరు విషయాలకు వద్దాం. స్వీడన్‌లో స్టాక్‌హోమ్‌లోని అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కు వచ్చిన 298 మంది ఆడవాళ్లను అడిగి 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. దాడి జరుగుతుండగా ఒళ్లు కొయ్యబారిపోయి, కదలలేని, అరవలేని స్థితి 70 శాతం మందికి గణనీయంగా వచ్చింది. దాదాపు సగం మందికి అది అతి తీవ్రంగా వచ్చింది. శరీరం తనంతట తాను చేసే పని అది, మనిషి ఇష్టాయిష్టాలతో సంబంధం లేదు. పెనుగులాట లేకపోతే దెబ్బలూ ఉండకపోవచ్చు. కాబట్టి 'అరవలేదు', 'దెబ్బల్లేవు' అన్నవి రెండు వేర్వేరు అనుమానాలు కావు, ఒకటే. దానికి జవాబు ఇదే కావచ్చు.

ముందు వెనకలు మారడం కూడా అంతే. భయంలో ఉన్న మనిషికి కొన్ని వివరాలు మేకు కొట్టినట్టు గుర్తుంటాయి. గడియారం శబ్దం, సెంటు వాసన, చొక్కా గుండీ లాంటివి. వాటి వరస మాత్రం గుర్తుండకపోవచ్చు. మీరు స్టేట్‌మెంట్ రాసుకునేటప్పుడు వరసే అడుగుతారు, ఎందుకంటే కాగితం మీద వరసగా ఉంటేనే మనకు కథలా కనబడుతుంది. ఇక నవ్వు. సిగ్గుతో, టెన్షన్‌తో నవ్వేవాళ్లను మీరు స్టేషన్లో రోజూ చూస్తూనే ఉంటారు, దొంగతనం కేసుల్లో అది మీకు పట్టింపే ఉండదు. నాలుగు రోజులు ఆలస్యమంటే, తెలిసిన మనిషి మీద ఫిర్యాదుకు అది ఎక్కువేమీ కాదు. ఉద్యోగం ఏమవుతుంది, ఇంట్లో ఏమంటారు, ఆఫీసులో ఎవరు నమ్ముతారు అని ఆలోచించుకోవడానికే అంత టైమ్ పడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి ఆమె నిజమే చెబుతోందని కూడా అనుకోకండి. కొయ్యబారిపోవడం నిజానికి రుజువు కాదు, నవ్వడం అబద్ధానికి రుజువు కాదు. వీటితో ఎటూ తేలదు. తేల్చేవి వేరే చోట ఉన్నాయి, వాటికోసం మీరు కుర్చీలోంచి లేవాలి.

ఒక కేసు వివరంగా చెబుతాను. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని లిన్‌వుడ్ అనే ఊళ్లో, 2008 ఆగస్టులో పద్దెనిమిదేళ్ల అమ్మాయి, ఎవరో తన అపార్ట్‌మెంట్‌లోకి చొరబడి, కత్తి చూపించి, కట్టేసి అత్యాచారం చేశాడని పోలీసులకు చెప్పింది. ఫొటోలు కూడా తీశాడని చెప్పింది. ఆమె పెంపుడు కుటుంబాల్లో పెరిగిన పిల్ల. అంతకుముందు ఆమెను పెంచిన ఒకావిడకు ఆమె మాట్లాడే తీరు చూసి అనుమానం వచ్చి, ఆ సంగతి పోలీసుల చెవిన వేసింది. పైగా స్నేహితుడికి ఫోన్ చేసింది కట్లు తెంచుకోకముందా, తెంచుకున్నాకా అన్న దగ్గర ఆమె చెప్పిన వాటిలో తేడా వచ్చింది. అక్కడితో దర్యాప్తు దొంగను వదిలేసి ఆమె మీదకు తిరిగింది. మళ్లీ మళ్లీ కూర్చోబెట్టి అడిగారు. చివరికి అంతా కల్పించానని రాసిచ్చింది. తప్పుడు ఫిర్యాదు ఇచ్చిందని ఆమె మీదే కేసు పెట్టి, 500 డాలర్లు కట్టించారు.

రెండున్నరేళ్ల తర్వాత, 2011 జనవరిలో, కొలరాడో రాష్ట్రంలోని గోల్డెన్‌లో అలాంటి కేసే స్టేసీ గాల్‌బ్రెయిత్ అనే డిటెక్టివ్ దగ్గరికి వచ్చింది. ఈ బాధితురాలు కూడా నిబ్బరంగా, ఏడవకుండా చెప్పింది. గాల్‌బ్రెయిత్ ఆ నిబ్బరం దగ్గర ఆగలేదు. ఆమె చెప్పేవి రాసుకుంటూ పోయింది. అతని పిక్క మీద కోడిగుడ్డంత మచ్చ ఉంది. అతని దగ్గర గులాబీ రంగు సోనీ కెమెరా ఉంది. ఆ రాత్రి ఇంటికెళ్లి భర్తతో ఈ సంగతి చెబితే, పక్క ఊరు వెస్ట్‌మిన్‌స్టర్ పోలీసుశాఖలో పనిచేసే ఆయన, మా దగ్గరా ఇలాంటిదే ఒకటుంది అన్నాడు. మర్నాడు ఆమె అక్కడి పోలీసులకు ఈమెయిల్ రాసింది, తర్వాత అక్కడి డిటెక్టివ్ ఎడ్నా హెండర్‌షాట్‌ను కలిసింది. ఇద్దరూ ఫైళ్లు పక్కపక్కన పెట్టుకున్నారు. గోల్డెన్‌లో ఆ ఇంటి దగ్గర తిరిగిన తెల్ల మాజ్డా బండి కెమెరా ఫుటేజీలో దొరికింది. మరో పోలీసుశాఖ దగ్గర, అలాంటి బండి అనుమానాస్పదంగా ఆగి ఉందని ఎప్పుడో రాసుకున్న చిన్న కాగితం ఉంది. దాని ఆధారంగా మార్క్ ఒలియరీ అనే అతన్ని ఫిబ్రవరిలో పట్టుకున్నారు. పిక్క మీద మచ్చ ఉంది. అతను దాచుకున్న ఫొటోల్లో లిన్‌వుడ్ అమ్మాయి కూడా ఉంది.

లిన్‌వుడ్ పోలీసులు దుర్మార్గులని నేను చెప్పడం లేదు. వాళ్లు మొదట్లో పని సరిగ్గానే మొదలుపెట్టారు. ఒక్క అనుమానాన్ని నిర్ణయంగా మార్చుకున్నారు, అంతే. ఆ రెండున్నరేళ్లలో అతను కొలరాడోలో మరికొందరు ఆడవాళ్ల మీద దాడి చేశాడు.

లండన్‌లో టాక్సీ డ్రైవర్ జాన్ వార్‌బాయ్స్ కేసు కూడా ఇలాంటిదే. 2007లో ఒక యువతి ఫిర్యాదు మీద అతన్ని అరెస్టు చేసి వదిలేశారు. టాక్సీ డ్రైవర్ బండిలో మద్యం, అందులోనూ మత్తుపదార్థం ఉండే అవకాశం తక్కువని ఒక అధికారి ఫైల్లో రాసుకున్నారు. ఇల్లు సోదా చేయలేదు. తర్వాత బయటపడ్డది సరిగ్గా అదే: ప్రయాణికులకు మత్తుపదార్థం కలిపిన మద్యం ఇచ్చేవాడు. 2009లో అతనికి శిక్ష పడేనాటికి ముందుకొచ్చిన ఆడవాళ్లు ఎంతోమంది. ఇలాంటి నేరాన్ని సరిగ్గా దర్యాప్తు చేయకపోవడం బాధితుల మానవ హక్కుల ఉల్లంఘనే అని 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇద్దరు బాధితుల వైపు తీర్పు ఇచ్చింది.

దీనికి రెండో వైపు కూడా చూడండి. అదే లండన్‌లో 2014లో, పెద్దపెద్ద వాళ్ల మీద ఒకతను చేసిన ఆరోపణలు నమ్మదగినవే, నిజమే అని ఒక ఉన్నతాధికారి విలేకరుల ముందు చెప్పేశారు. అప్పటికి దర్యాప్తు మొదలై కొద్దివారాలే. ఆ ఆరోపణలు కల్పితమని తర్వాత తేలింది, 2019లో ఆరోపించినతనికే 18 ఏళ్ల జైలు పడింది. ఈలోగా వృద్ధాప్యంలో ఉన్న కొందరి ఇళ్లు సోదా చేసి పరువు తీశారు. వెతక్కముందే నమ్మేయడం, వెతక్కముందే కొట్టిపారేయడం రెండూ ఒకటే తప్పు. ఆ అమ్మాయికైనా, అతనికైనా న్యాయం జరగాలంటే మీరు చేయాల్సిన పని ఒక్కటే, వెతకడం.

మరి ఈ ఫైల్లో రేపు పొద్దున ఏం చేయాలి?

ముందు ఫుటేజీ, అమ్మా. చాలా చోట్ల కెమెరా రికార్డింగ్ కొద్దిరోజులకే దానంతట అదే చెరిగిపోతుంది. మీకు ఇప్పటికే పది రోజులు దాటింది. ఆ బిల్డింగు, లిఫ్టు, వీధి, వాళ్లు వెళ్లిన బండి, ఎక్కడెక్కడ కెమెరాలున్నాయో ఈరోజే ఉత్తరం రాసి ఆపించండి. తర్వాత ఆమె ఆ రోజు వేసుకున్న బట్టలు. ఉతక్కుండా పక్కన పెట్టి ఉంటే వెంటనే తీసుకోండి. ఉతికినా సరే, పారేయవద్దని చెప్పి తీసుకోండి. ఇకముందు వచ్చే కేసుల కోసం ఒకటి గుర్తుంచుకోండి: మత్తు కలిపారన్న అనుమానం ఉంటే మూత్రం, రక్తం నమూనాలు ఆ గంటలోనే తీయించాలి. కొన్ని మందులు పన్నెండు గంటలు దాటితే మూత్రంలో కూడా దొరకవు. స్టేట్‌మెంట్ పూర్తయ్యాక చూద్దాం అనుకుంటే అయిపోయినట్టే.

ఆమె ఈ సంగతి మొట్టమొదట ఎవరికి చెప్పింది? ఏ మాటల్లో చెప్పింది? ఎన్ని గంటలకు? ఆ మనిషిని పిలిపించి విడిగా అడగండి. ఆఫీసులో ఆ తర్వాత రోజుల్లో ఆమె ఎలా ఉంది, షిఫ్టు మార్చమని అడిగిందా, సెలవు పెట్టిందా, అతను ఉన్న గదిలోకి వెళ్లడం మానేసిందా, ఇవన్నీ పక్కవాళ్లకు తెలుస్తాయి, హాజరు రిజిస్టర్లో కూడా కనబడతాయి.

ఆ మెసేజ్ ఒక్కటే చూసి ఏమీ అనుకోకండి. దాని ముందు వెనకలు మొత్తం చదవండి. వాళ్లిద్దరూ మామూలుగా రోజుకు ఎన్ని మెసేజ్‌లు పెట్టుకునేవాళ్లు, ఆ రోజు తర్వాత ఏమైంది, అతను ఏం జవాబిచ్చాడు, అతని వైపు ఏవైనా చెరిపేశాడా. రేపు మళ్లీ అదే ఆఫీసులో అతని మొహం చూడాల్సిన మనిషి ఏమీ జరగనట్టే ఉండాలని చూడటం సహజం. నిజంగానే ఏమీ జరగలేదని కూడా దానర్థం కావచ్చు. ఆ రెంటిలో ఏదో మిగతా మెసేజ్‌లు చెబుతాయి. అలాగని ఆమె ఫోనంతా జల్లెడ పట్టకండి. ఇంగ్లండ్‌లో 2019లో బాధితుల దగ్గర ఫోన్ మొత్తం అప్పగించేలా ఫారాల మీద సంతకం పెట్టించుకోవడం మొదలుపెట్టి, గొడవై, 2020లో వెనక్కి తీసుకున్నారు. ఈ కేసుకు కావలసిన మనిషి, కావలసిన తేదీలు, అంతవరకే అడగండి. ఎందుకు అడుగుతున్నారో ఆమెకు చెప్పండి.

ఆమెతో మళ్లీ మాట్లాడాలి. మీరే మాట్లాడండి, మళ్లీ ఇంకొకరి చేత మొదటినుంచి చెప్పించకండి. మీరే ప్రశ్నలు వేయకుండా ముందు ఆమెను తనకు గుర్తున్న దగ్గర్నుంచి మొదలుపెట్టనివ్వండి. మధ్యలో ఆపకండి. ఆగిపోతే మీరూ ఊరుకోండి, కాసేపటికి తనే చెబుతుంది. 'ఎందుకు' అనే ప్రశ్నలన్నీ పక్కన పెట్టేయండి. 'ఎందుకు అరవలేదు' అంటే ఆమెకు వినబడేది నిందే. 'ఆ క్షణంలో మీకు ఏమనిపించింది, ఒళ్లు ఎలా ఉంది' అని అడిగితే అదే సమాచారం ఇంకా ఎక్కువ వస్తుంది. ఏం వినబడింది, ఏ వాసన వచ్చింది, గదిలో ఏం కనబడింది అని అడగండి. వాటిలో రెండు మూడు మీరు బయట సరిచూసుకోగలిగినవి ఉంటాయి. ఆమె చెప్పిన ఎర్ర కుర్చీ ఆ గదిలో నిజంగా ఉందా లేదా అన్నది, ఆమె నవ్విందా లేదా అన్నదానికంటే వెయ్యి రెట్లు పనికొస్తుంది.

ఇక అతను. తెలిసిన మనిషి మీద కేసులో 'ఎవరు' అన్న ప్రశ్న ఉండదు. 'ఆమె ఇష్టంతోనే' అని అతను అంటాడు. అప్పుడు చాలామంది అధికారులు పెన్ను కింద పెట్టేస్తారు, ఆమె మాటకు అతని మాట పోటీ అని. అసలు పని అక్కడ మొదలవ్వాలి. ఆమె ఒప్పుకుందని అతనికి ఎలా తెలిసింది? ఏం అడిగాడు, ఆమె ఏమంది? ఆ చోటు ఎవరు ఎంచుకున్నారు? మిగతావాళ్లను ఎవరు పంపించేశారు? దింపుతానని ఎవరన్నారు? అతని కథను ముందు పూర్తిగా చెప్పనిచ్చి, తర్వాత ఫుటేజీతో, మెసేజ్‌లతో సరిచూడండి. అదే ఆఫీసులో ఇంతకుముందు పనిచేసి మానేసిన ఆడవాళ్లు ఉంటే వాళ్లను అడగండి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021లో ఆపరేషన్ సొటేరియా అని ఒక కార్యక్రమం మొదలుపెట్టి, పరిశోధకులను పోలీసుల పక్కన కూర్చోబెట్టారు. బాధితురాలి మాట నమ్మవచ్చా అన్నదాని మీద కాకుండా నిందితుడి ప్రవర్తన మీద దర్యాప్తు నడపాలన్నది అందులో మొట్టమొదటి పాఠం. 2023లో దాన్ని అక్కడి పోలీసుశాఖలన్నిటికీ నమూనాగా విడుదల చేశారు. అదే పరిశీలనలో, ఈ కేసులు చూసే అధికారులు విపరీతంగా అలసిపోయి ఉన్నారని, ప్రత్యేక శిక్షణ చాలామందికి లేదని కూడా బయటపడింది. మీకు నిద్ర పట్టకపోవడం మీ బలహీనత ఏమీ కాదు. మీ శాఖలో ఎవరితోనైనా దాని గురించి మాట్లాడండి.

ఇవన్నీ చేశాక కూడా కేసు నిలబడకపోవచ్చు. అప్పుడు ఏం రాస్తారన్నది చాలా ముఖ్యం. 'నిరూపించలేకపోయాం' వేరు, 'జరగలేదు' వేరు. జరగలేదని రాయాలంటే, జరగలేదనడానికి మీ దగ్గర సాక్ష్యం ఉండాలి. అతను ఆ సమయంలో వేరే ఊళ్లో ఉన్నాడని తేలడం లాంటిది. ఈ తేడా చెరిపేస్తే ఏమవుతుందో కెనడాలో చూశారు. 2017లో అక్కడి ఒక పత్రిక దేశమంతా లెక్కలు తీస్తే, లైంగిక దాడి ఫిర్యాదుల్లో దాదాపు ఐదింట ఒకటి ఆధారం లేనిదని పోలీసులు కొట్టేసినట్టు తేలింది. ఊరూరికీ ఆ శాతం ఎంతో మారింది. ఒక ఊళ్లో అబద్ధాలాడే ఆడవాళ్లు ఎక్కువ, పక్క ఊళ్లో తక్కువ ఉండరు కదా. మారింది పోలీసుల పద్ధతే. ఆ తర్వాత వేల పాత ఫైళ్లు తిరిగి తెరిచి చూశారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో అయితే, వేల కేసులు నేరాల లెక్కలోకి రాని కోడ్ కింద పాతిపెట్టారని 1999లో పత్రికలో వచ్చాక, 2000 నుంచి మహిళా న్యాయసంస్థల వాళ్లు ఏటా స్టేషన్‌కు వచ్చి ఫైళ్లు చదవడం మొదలుపెట్టారు. మూసేసిన కేసును బయటివాళ్లెవరో చదువుతారని తెలిసినప్పుడు రాసే తీరే మారిపోతుంది. మీ ఫైలు నాలాంటి వాళ్లు ఎవరో ఒకరు చదువుతారనుకుని రాయండి.

మీ సీనియర్‌తో గొడవ పడకండి, ఉపయోగం లేదు. 'మీరు చెప్పింది రాసుకున్నాను సార్. మూసే ముందు ఈ ఐదు పనులు చేసి ఫలానా తేదీకి మీ ముందు పెడతాను' అని, ఆ ఐదూ కాగితం మీద రాసి ఇవ్వండి. వద్దంటే, వద్దన్న కారణం కూడా ఫైల్లో ఉంటే బాగుంటుందని మర్యాదగా అడగండి. కారణం రాయాల్సి వచ్చినప్పుడు 'మొహం చూస్తే తెలుస్తుంది' అని ఎవరూ రాయలేరు.

ఒకవేళ రేపు ఆ అమ్మాయే వచ్చి 'నాకీ కేసు వద్దు' అంటే, వెంటనే తెల్లకాగితం ముందు పెట్టకండి. ఎవరైనా బెదిరించారా, ఉద్యోగం పోతుందని భయమా, మా వల్ల ఏమైనా ఇబ్బంది పడ్డారా అని అడగండి. టైమ్ తీసుకోమనండి. నిర్ణయం ఆమెదే, దాన్ని గౌరవించాలి. కానీ మన విసుగు చూసి ఆమె వెనక్కి తగ్గితే దాన్ని ఆమె ఇష్టమని రాయడం తప్పు.

ఈ వారం రోజుల్లో మీరు ఆమెకు ఒక్కసారైనా ఫోన్ చేశారో లేదో ఉత్తరంలో రాయలేదు. చేయకపోతే ఈరోజే చేయండి. కొత్తగా చెప్పడానికి ఏమీ లేకపోయినా, ఫుటేజీ అడిగాం, ఫలానా వాళ్లతో మాట్లాడబోతున్నాం, మళ్లీ ఫలానా రోజు ఫోన్ చేస్తాను అని చెప్పి, ఆ రోజు తప్పకుండా చేయండి. చివరికి కేసు మూయాల్సి వస్తే ఉత్తరం పంపి ఊరుకోకుండా మీరే కూర్చోబెట్టి చెప్పండి: ఏమేం వెతికాం, ఏం దొరికింది, ఏం దొరకలేదు, ఈ నిర్ణయం మీద పైన ఎవరిని అడగవచ్చు, కొత్తగా ఏదైనా దొరికితే మళ్లీ ఎవరి దగ్గరికి రావాలి. మీ పేరు, మీ నంబరు రాసి ఇవ్వండి.